తడి ఇసక

గొట్టం వంచడానికి బలం కావాలనుకుంటారు జనం. బలమూ అక్కర్లేదు, గిలమూ అక్కర్లేదు. ఇసక కావాలి. ఎండి గలగలలాడే ఇసక. గొట్టానికి ఒక మూతిన రేకు పెట్టి వెల్డు కొట్టి మూసెయ్యాలి. రెండో మూతిలోంచి ఇసక పోస్తూ, సుత్తితో పక్కల తడుతూ, ఇక పట్టదన్నంత దట్టంగా కూరాలి. పైన తుమ్మచెక్క బిరడా దిగ్గొట్టాలి. అప్పుడు గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి వంచితే ఏనుగు తొండంలా నున్నగా తిరుగుతుంది. ఇసక లేకుండా వంచితే వంపు దగ్గర నొక్కుకుపోయి చచ్చిన పాములా ఉంటుంది.

ఇసకలో చెమ్మ ఉంటే మాత్రం ఇంకో కథ. చెమ్మ ఆవిరవుతుంది. ఆవిరికి దారి కావాలి. దారి లేకపోతే అది అడుక్కోదు, చేసుకుంటుంది. గుంటూరులో నల్లపాడు రోడ్డు మీద పీరు మేస్త్రీ షెడ్డులో చేరిన ప్రతివాడికీ మొదటి పాఠం ఇదే. పీరుకి ఎడమ చెవి పైసగం లేదు. అదేంది మేస్త్రీ అని ఎవరన్నా అడిగితే ఆ మొండి చెవిని వేలితో తట్టి, "తడి ఇసక" అనేవాడు. అంతకుమించి చెప్పేవాడు కాదు.

యేసుపాదం ఆ పాఠం మీసం రాకముందే నేర్చాడు. షెడ్డులో వెల్డరు అతనే, గొట్టాలు వంచేదీ అతనే. జిల్లాలో తనను మించిన వెల్డరు లేడని తనే చెప్పుకునేవాడు. ఇంకెవరో చెప్పేదాకా ఆగే ఓపిక లేదు. మాలపల్లెలో పుట్టినవాడు వినయంగా ఉండాలని లోకం కోరిక. యేసుపాదానికి ఆ రోగం అంటలేదు. తమ్ముడు జయరావుకి అసలే అంటలేదు.

జయరావు పెళ్లయ్యాక భార్య రెబ్కా వాళ్ల ఊళ్లో, చిలకలూరిపేట అవతల ఉంటున్నాడు. కూలిసంఘం నడుపుతాడు. ఆ ఏడు మిరపకాయ కోతలకు రేటు పెంచితే తప్ప చేలో దిగమని ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టాడు. కాయ చెట్టు మీదే తాలు తిరుగుతోంది. కామందులు పళ్లు నూరుతున్నారు. జయరావు పాత ఎజ్డీ మోటారుసైకిలు మీద ఊరూరా తిరుగుతున్నాడు. ఆ బండికి జంట సైలెన్సర్లు యేసుపాదమే వంచి కట్టాడు. దాని గొంతు జిల్లాలో ఇంకే బండికీ లేదు. పొలిమేర దాటకముందే పల్లెలో పిల్లలు "జయరావు మావొచ్చాడు" అని అరిచేవాళ్లు.

ఒకరోజు జయరావు షెడ్డుకొచ్చి పగలబడి నవ్వుతూ చెప్పాడు.

"అన్నాయ్, మొన్న పేట రోడ్డులో ఒక తెల్ల అంబాసిడరు నడిమధ్యన పోతంది. హారను కొట్టా. జరగలా. ఇంకోసారి కొట్టి, 'పక్కకి జరగవయ్యా' అన్నా. ఊఁహూఁ. మార్జిను దింపి దాటేశా. రెబ్కా వెనక్కి తిరిగి చెయ్యూపింది. టీకొట్టు కాడ జనం ఒకటే ఈలలు!"

"అదంతా సరేగాని, దాటేప్పుడు సైలెన్సరు ఎట్టా మోగింది?" అన్నాడు యేసుపాదం.

అతనికి కావలసింది అదొక్కటే.

ఆ వారంలోనే ఒక తెల్ల అంబాసిడరు షెడ్డులోకి వచ్చింది. గుంటూరులో తెల్ల అంబాసిడర్లు వీధికి నాలుగు. యేసుపాదానికి ఏ అనుమానమూ రాలేదు.

దిగినవాడు రామాంజనేయులు. పేట దగ్గర పత్తి మిల్లున్న కామందు కొడుకు. మల్లెపువ్వులాంటి చొక్కా, మణికట్టుకి రాగి కడియం. వెంట ఇద్దరు మనుషులు. ఒకడు మిల్లు కాపలావాడు, ఇంకొకడు యలమందయ్య అనే పాలేరు. యలమందయ్య డిక్కీలోంచి గోనెసంచి దించి నేలమీద విప్పాడు. ఇనప నత్తగుల్లలు రెండు వీపుకి వీపు అంటించినట్టున్న వస్తువు. మద్రాసు పాతసామాన్ల బజార్లో కొన్న జపాను టర్బో.

పీరు దాన్ని కాలితో కదిపి చూశాడు. "ఈ డీజిలు బండికా అండీ ఇది?"

"ఏం, కుదరదా?"

"కుదరకేం, కుదురుద్ది. ముసలెద్దుకి సారా తాపినట్టుంటది యవ్వారం. తర్వాత ఎద్దు ఏమవుద్దో నన్నడగొద్దు."

"తాపు మేస్త్రీ. నాకు అది పరిగెత్తితే చాలు."

యేసుపాదం అప్పటికే గొంతుక్కూర్చుని లోపలి చక్రాన్ని వేలితో తిప్పుతున్నాడు. ఇంజను వదిలే పొగ ఒక గుల్లలోకి పోయి చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీద రెండో గుల్లలో ఇంకో చక్రం ఉంటుంది. అది బయటిగాలిని పీల్చి ఇంజనులోకి బలవంతంగా తోస్తుంది. గాలి పెరిగితే డీజిలు ఎక్కువ పొయ్యొచ్చు. డీజిలు పెరిగితే బండికి పొగరు పెరుగుతుంది. వదిలి పారేసే పొగతో ఇంత పనా! యేసుపాదానికి అది పిచ్చిగా నచ్చింది.

పనిలో పడ్డాడు. మందపాటి ఇనప పలక కోసి టర్బో కూర్చోడానికి పీట చేశాడు. నాలుగు సిలిండర్ల పొగా ఒక్కచోట కలిసేట్టు గొట్టాలు వంచి అతికాడు. ఇరుసు మాడిపోకుండా ఆయిలు కావాలి కాబట్టి ఇంజను పక్కనుంచి సన్నటి గొట్టం లాగాడు. పోయిన ఆయిలు మళ్లీ కిందికి రావాలి. అడుగున తొట్టికి కన్నం చేసి లావుపాటి గొట్టం వాలుగా దించాడు. ఎక్కడా ఎగుడు ఉండకూడదు, డాబా మీది వాననీళ్లు తూములోంచి జారినట్టు జారాలి. మస్తాన్‌బీ, పీరు భార్య, అన్నం గిన్నె తెచ్చిపెట్టి అరిచేది.

"ఒరే యేసూ, ఆ ఇనుమునే పెళ్లి చేసుకో, పీడా పోద్ది!"

"ఇది అన్నం అడగదు మస్తానక్కా, డీజిలు తాగుద్ది."

అన్నీ చేశాడుగానీ ఒక్కమాట అడగలేదు. ఈ మనిషికి ఇంత వేగం ఎందుకని అడగలేదు. పని రుచి మరిగినవాడికి ఆ ప్రశ్న చేదు. చేతిలో విద్య ఉంటే చాలు, అది ఎవడి చేతిలోకి పోతుందో మనకెందుకులే అనుకునేవాళ్లు ఈ దేశంలో కోట్లమంది. యేసుపాదం వాళ్లలో ఒకడు, ఆ మధ్యాహ్నం దాకా.

ఆ మధ్యాహ్నమే ట్రయలు. రామాంజనేయులు స్టీరింగు పట్టాడు. యేసుపాదం పక్కన, యలమందయ్యా కాపలావాడూ వెనక. టర్బో నుంచి ఇంజనులోకి గాలిపోయే గొట్టం ఇంకా వంచలేదు, తాత్కాలికంగా లారీ రేడియేటరు రబ్బరు గొట్టం బిగించారు. పేరేచర్ల వైపు రోడ్డెక్కగానే రామాంజనేయులు కాలు అదిమాడు. ముందు మామూలు నడకే. తర్వాత బానెట్టు కింద సన్నటి ఈల మొదలైంది. ఈల పెరిగింది. ఎవరో నడుం మీద తన్నినట్టు కారు ముందుకురికింది. మిరపకాయ బస్తాల లారీ ఒకటి, ఆర్టీసీ బస్సు ఒకటి వెనకబడిపోయాయి. యేసుపాదం కిటికీ అంచు కరిచిపట్టుకుని పసివాడిలా అరిచాడు.

అంతలో తుపాకీ పేలినట్టు మోత. రబ్బరు గొట్టం ఉబ్బి పగిలిపోయింది. ఈల ఆగింది. కారు మళ్లీ పాత నడకలో పడింది.

"ఏందిరా, పోయిందా?"

"రబ్బరు ఆగలేదండీ. ఇనప గొట్టం వంచి వేస్తే ఇక ఢోకా లేదు. ఒక్క గొట్టమే మిగిలింది."

"ఎంతసేపు?"

"గంట పట్టుద్ది."

రామాంజనేయులు కారు తిప్పుతూ, మీసం కింద నవ్వుకుంటూ అడిగాడు. "ఎజ్డీ ఎంత స్పీడు పోద్దిరా?"

"ఏ ఎజ్డీ అండీ?"

"నువ్వు సైలెన్సర్లు కట్టిందే. మీ తమ్ముడిది."

యేసుపాదం కిటికీ అంచు వదిలేసి అతని వైపు తిరిగాడు.

"నన్ను హారను కొట్టి జరగమన్నాడ్రా, మాలనాకొడుకు. నా ఊరి రోడ్డు మీద. వాడి పెళ్లాం నాకు చెయ్యూపింది. టీకొట్టు కాడ కూలినాయాళ్లు ఈలలేశారు. ఆ బండిని అట్టా చేసింది ఎవడా అని కనుక్కున్నా. నీ పేరు చెప్పారు. అందుకే వెతుక్కుంటా వచ్చా. వాడికి రెక్కలు కట్టిన చేత్తోనే నాకూ కట్టించుకోవాలని." గేరు మార్చాడు. "ఇయ్యాల పేటలో వాళ్ల మీటింగు. పొద్దుగూకే ముందు ఇంటికి పోతాడు. మా మిల్లు దాటాక తిన్నటి రోడ్డు. వెనక చక్రానికి బంపరు తాకితే చాలు. ఆక్సిడెంటే గదా. రోజూ ఎన్ని అవుతల్లేదు?"

వెనక సీట్లో కాపలావాడు కిసుక్కున నవ్వాడు. యలమందయ్య నవ్వలేదు, కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

షెడ్డు ముందు కారు ఆగగానే యేసుపాదం తలుపు తీశాడు. దిగాడు. తిన్నగా పోయి పెద్ద సుత్తి తీసుకున్నాడు. "మేస్త్రీ, పేట రోడ్డులో మా జయరావుని దీంతో గుద్ది చంపుతాడంట!" అని అరుస్తూ బానెట్టు ఎత్తాడు. టర్బో మీద దెబ్బ పడబోయేంతలో కాపలావాడు వెనకనుంచి మెడ పట్టాడు. యేసుపాదం గిర్రున తిరిగి సుత్తి విసిరాడు. అది కాపలావాడి భుజం ఎముక మీద దిగింది. పచ్చి కట్టె విరిగినట్టు చప్పుడు. వాడు కుప్పకూలుతూ పక్కనున్న డ్రమ్మును పట్టుకున్నాడు. డ్రమ్ము ఒరిగింది. అందులో మేస్త్రీ వేయించి దాచిన ఎండు ఇసకంతా నేలపాలై, అక్కడ మడుగు కట్టిన పాత ఆయిల్లో కలిసిపోయింది.

"పట్టుకోండ్రా!" అని అరిచాడు రామాంజనేయులు.

యలమందయ్య దున్నపోతులాంటి మనిషి. యేసుపాదం నడుం పట్టి ఎత్తి కుదేశాడు. రామాంజనేయులు జాకీ రాడ్డుతో మోకాళ్ల మీద కొట్టాడు, వీపు మీద కొట్టాడు, దవడ మీద కొట్టాడు. పళ్లు రెండు ఊడి నాలుక మీద పడ్డాయి. యేసుపాదం వాటిని రామాంజనేయులు మల్లెపువ్వు చొక్కా మీదికి ఉమ్మాడు.

"చెయ్యను. నరికినా చెయ్యను పోరా!"

'పోరా' అన్నమాట వినగానే రామాంజనేయులు ముఖం మారింది. యేసుపాదం ఎడమచెయ్యి పట్టి బల్ల మీద ఇనుము బిగించే వైసు దవడల మధ్య పెట్టాడు. పిడి తిప్పాడు. తొందరేమీ లేనట్టు, చెరుకు గానుగ తిప్పినట్టు తిప్పాడు. వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి విరిగాయి. యేసుపాదం అరిచిన అరుపుకి రోడ్డు అవతల సైకిలు షాపువాడు బయటికొచ్చి చూసి, లోపలికి పోయి తలుపేసుకున్నాడు. గుంటూరులో తలుపులకి కొదవలేదు.

"మంట పట్టడానికి ఒక చెయ్యి చాలుగా?" అన్నాడు రామాంజనేయులు.

"చెయ్యను."

రామాంజనేయులు ఇక అతన్ని కొట్టలేదు. గ్యాసు టార్చి వెలిగించాడు. నీలం మంట బుసకొట్టింది. దాన్ని తీసుకుపోయి, గోడకి ఆనుకుని ఉన్న పీరు ముఖం దగ్గర పెట్టాడు. గడ్డం చుర్రుమని అంటుకుంది. కాలిన వెంట్రుకల కంపు షెడ్డంతా లేచింది. పీరు అరవలేదు. అరచేత్తో మంటని నొక్కుకున్నాడు. లోపలి గదిలోంచి మస్తాన్‌బీ కేకపెట్టింది. మరుక్షణం వెనక దొడ్డి తలుపు చప్పుడైంది. ఆమె పోయి చిలకలూరిపేట వెళ్లే మిరపకాయల లారీని ఆపి, డ్రైవరు కాళ్లు పట్టుకుని జయరావుకి కబురు పంపిందని తర్వాత తెలిసింది.

"ఈసారి కళ్లు" అన్నాడు రామాంజనేయులు.

"ఆపండి" అన్నాడు యేసుపాదం. "చేస్తా."

వైసు వదులు చేశారు. ఎడమచెయ్యి నలిగిన మిరపపండులా ఉంది. దాన్ని పాతగుడ్డలో చుట్టుకున్నాడు. గొట్టం కోశాడు. ఒక మూతికి రేకు పెట్టి ఒంటిచేత్తోనే వెల్డు కొట్టాడు. రక్తం కళ్లలోకి కారుతుంటే మోచేత్తో తుడుచుకున్నాడు.

"ఇసక" అన్నాడు.

డ్రమ్ములో ఇసక లేదు. ఉన్నదంతా ఆయిలు ముద్ద. బయట వాకిట్లో తాడేపల్లి నుంచి తోలించిన ఇసక కుప్పుంది. మిరపకాయల సీజనులో లారీలు లేపే దుమ్మూ ఘాటూ అణగడానికి మస్తాన్‌బీ పొద్దునా మధ్యాహ్నమూ వాకిలంతా బిందెలతో నీళ్లు చల్లేది. కుప్ప పైపొర ఎండకి తెల్లగా కనిపిస్తుంది. లోపల చేత్తో పిసికితే ఉండ కట్టేంత తడి.

యలమందయ్య బకెట్టుతో తెచ్చాడు. యేసుపాదం పిడికెడు తీసి పిండాడు. ఇసక ఉండయింది. దాన్ని రామాంజనేయులుకి చూపించాడు.

"ఇది తడిగా ఉందండీ. వేయించి ఆరబెట్టాలి. లేకపోతే పేలుద్ది."

రామాంజనేయులు బయటి ఎండ వంక చూశాడు. నీడలు సాగుతున్నాయి. వచ్చి యేసుపాదం డొక్కలో తన్నాడు.

"వేయించడానికి ఇవేమన్నా వేరుశనక్కాయలంట్రా? పొద్దుగూకిందాకా సాగదీద్దామనా? కూరు!"

యేసుపాదం నేల మీద పడి ఉండి పీరు వంక చూశాడు. పీరు కాలిన గడ్డం పట్టుకుని కూర్చున్నాడు. అతని రెండో చెయ్యి, తనకి తెలియకుండానే, మొండి చెవి దగ్గరికి పోయింది.

అప్పుడు పుట్టింది యేసుపాదం బుర్రలో ఆ ఆలోచన. అంతవరకూ లేదు. చెప్పాను, తన్నాడు. ఇంకోసారి చెబితే ఇంకోసారి తంతాడు. మంచిది. ఇక చెప్పను.

లేచాడు.

"ఒంటిచేత్తో కూరలేను. యలమందయ్యా, నువ్వు పొయ్యి. ఆ, తట్టు. సుత్తితో తట్టు. ఇంకా. ఇంకా పట్టుద్ది. బిరడా గట్టిగా దిగ్గొట్టు. నీ బలమంతా చూపీ. అట్టా!"

యలమందయ్య కొట్టాడు. తుమ్మచెక్క పిడికెడు లోతు దిగి రాయిలా బిగుసుకుంది. గొట్టాన్ని వైసులో అడ్డంగా బిగించారు, రేకు వేసిన మూతి గోడ వైపు, బిరడా ఉన్న మూతి వాకిలి వైపు. యేసుపాదం పారిపోతాడేమోనని రామాంజనేయులు ఇనప కుర్చీ లాక్కుని వాకిలికి అడ్డంగా కూర్చున్నాడు. గొట్టం మూతికి సరిగ్గా ఎదురుగా. చేతిలో జాకీ రాడ్డు.

"మేస్త్రీ, కాసిని మంచినీళ్లు పట్రా" అన్నాడు యేసుపాదం.

పీరు లేచాడు. ఆ మాటకి అర్థం అతనికి తెలిసింది. గొట్టాన్ని చూశాడు, కుర్చీని చూశాడు. నోరు తెరిచాడు. నోరు మూసుకుని లోపలిగదిలోకి పోయాడు.

యేసుపాదం టార్చి అందుకుని రామాంజనేయులు వంక చూశాడు.

"మీరు కొంచెం పక్కకి జరగండి."

రామాంజనేయులు జాకీ రాడ్డు మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకున్నాడు.

"ఏందీ?"

"పక్కకి జరగండి అంటన్నా. అక్కడ కూర్చోకూడదు."

అబద్ధం కాదు. ఆ రోజు షెడ్డులో ఎవరన్నా అన్న మాటల్లో అంత నిజమైన మాట ఇంకోటి లేదు. కాకపోతే ఈ మనిషి జరగమంటే జరగడని యేసుపాదానికి తెలుసు. అందులోనూ తను చెబితే చచ్చినా జరగడు. తెలిసే చెప్పాడు. వాళ్ల తాతల నాటినుంచీ పల్లెవాళ్లే పక్కకి జరిగారు. చెప్పులు చేత పట్టుకుని జరిగారు, తలగుడ్డ తీసి జరిగారు, బురదలోకి దిగి జరిగారు. జరగడం ఎలాగో రామాంజనేయులు వంశంలో ఎవడికీ రాదు. నేర్పినవాడు లేడు.

"తమ్ముడు రోడ్డు మీద జరగమన్నాడు, అన్న షెడ్డులో జరగమంటన్నాడు" అన్నాడు రామాంజనేయులు యలమందయ్యతో. "చూశావంట్రా వీళ్ల కండకావరం? నువ్వు జరగమంటే నేను జరగాలంట్రా?"

కుర్చీని జానెడు ముందుకి లాక్కున్నాడు.

"సరే అయితే" అన్నాడు యేసుపాదం.

మంట పెట్టాడు. తను వైసుకి పక్కగా, గోడ వారగా నిలబడ్డాడు. గొట్టం ముందు నీలమైంది, తర్వాత ముదురు ఎరుపు, తర్వాత పండుమిరప రంగు. బిరడా చుట్టూ నీటిబుడగలు లేచాయి. చెక్క ఏడవడం మొదలుపెట్టింది. సన్నటి ఈల, మధ్యాహ్నం బానెట్టు కింద వినిపించినట్టిదే.

యలమందయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "ఏందిరా ఆ కూత?"

"గాలి" అన్నాడు యేసుపాదం. మంట ఇంకా దగ్గరికి జరిపాడు.

"అయ్యా, లేవండయ్యా, నాకేందో..." యలమందయ్య మాట పూర్తి కాలేదు.

పేలింది.

తుమ్మ బిరడా రామాంజనేయులు కింది దవడని పట్టుకుపోయింది. దాని వెనకే నిప్పులాంటి ఇసక ముఖంలోకి, గొంతులోకి, తెల్ల చొక్కాలోకి చిమ్మింది. కుర్చీతో సహా వెల్లకిలా వాకిట్లో పడ్డాడు, మస్తాన్‌బీ నీళ్లు చల్లిన తడినేల మీద. అరవబోయాడు. అరవడానికి నోరంటూ మిగల్లేదు, గరగరమని నెత్తుటి బుడగలు లేచాయి. రాగి కడియం ఉన్న చెయ్యి నేలని కొడుతోంది. యలమందయ్య తొడ మీద ఇసక కాలి, పంచె అంటుకుని, చిందులేస్తూ అరిచాడు. భుజం విరిగిన కాపలావాడు పాకుతూ లేచి రోడ్డు మీదికి పరుగెత్తి మళ్లీ కనపడలేదు.

యేసుపాదం చెవుల్లో హోరు. టార్చి ఆర్పాడు. అలవాటు. తర్వాత కుడిచేత్తో సుత్తి తీసుకుని వాకిట్లోకి వచ్చి రామాంజనేయులు మీద నిలబడ్డాడు. పడిపోయిన మనిషి కళ్లు అతన్ని చూశాయి. ఆ కళ్లు మొదటిసారి పక్కకి జరిగాయి.

పీరు వచ్చి సుత్తి పట్టుకున్నాడు.

"చాలు యేసూ. చాలు. చస్తే ఇది ఇంకోటవుద్ది. మన పల్లెలు తగలబెడతారు. ఆసుపత్రికి తీసుకుపోతా."

యేసుపాదం సుత్తి వదల్లేదు. కానీ మాటకి ఆగాడు.

యలమందయ్య నీళ్ల బిందె తొడ మీద కుమ్మరించుకుని ఏడుస్తున్నాడు. "బండెట్టా నడుద్ది? గొట్టం లేదుగా?"

"నడుద్ది" అన్నాడు యేసుపాదం. ఊడిన పళ్ల సందుల్లోంచి మాట నెత్తురుతో వచ్చింది. "గొట్టం లేకపోయినా నడుద్ది. పాత నడకే."

వెనక సీట్లో పడుకోబెట్టారు. పీరు స్టీరింగు పట్టాడు. కారు ముసలెద్దులా గునగున నడుస్తూ పెద్దాసుపత్రి వైపు పోయింది. ఈల లేదు. యేసుపాదం వైసు పక్కన కూర్చున్నాడు. తిరిగొచ్చిన మస్తాన్‌బీ లారీ కబురు చెప్పింది. పారిపోవచ్చు. పారిపోతే పల్లె మీద పడతారని పీరు చెప్పకపోయినా తెలుసు.

పోలీసులు వచ్చి అతన్ని జీపులో వేసుకుని పోయారు. స్టేషనులో బూట్లతో తొక్కారు. అప్పటికే అక్కడ రామాంజనేయులు తండ్రి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎస్సై ఆయన పక్కన నిలబడి ఉన్నాడు. అది చూస్తే చాలు, ఆ స్టేషను ఎవరిదో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

"కావాలనే చంపబోయావుగా?" అన్నాడు ఎస్సై.

"గొట్టం పేలిందండీ."

"ఎందుకు పేలింది?"

"ఇసక తడిది."

"తెలిసీ ఎందుకు కాల్చావురా?" లాఠీ విరిగిన వేళ్ల మీద పడింది.

స్పృహ ఒక్కసారి పోయి వచ్చింది. "చెప్పానండీ" అన్నాడు యేసుపాదం. "తడిదని చెప్పా. తన్నారు. జరగమని చెప్పా. జరగలేదు. ఆయన్నే అడగండి."

ఆయన్ని అడగడానికి వీల్లేదు. ఆయన మాట్లాడే భాగం పీరు మేస్త్రీ షెడ్డు వాకిట్లో ఉండిపోయింది.

ఎస్సై యలమందయ్య వైపు తిరిగాడు. తొడకి కట్టుతో, గోడకి ఆనుకుని నిలబడ్డాడతను. "ఏరా, వీడు చెప్పాడా?"

యలమందయ్య పెద్ద కామందు వంక చూశాడు. కామందు కళ్లార్పకుండా చూస్తున్నాడు. యలమందయ్య తల వంచుకున్నాడు.

"నోరు పడిపోయిందంట్రా?"

"లేవండయ్యా అని నేనూ అన్నానండీ" అన్నాడు నేలకేసి చూస్తూ. "అంతకంటే నాకేం తెలవదు."

పెద్ద కామందు కర్ర పెట్టి నేలని పొడిచాడు. "తమ్ముడేడి వీడి తమ్ముడు? వాణ్ణీ పట్టుకురండి. అసలు వాడే దీనికంతటికీ మూలం."

యేసుపాదం సిమెంటు నేల మీద చెంప ఆనించి పడుకుని ఉన్నాడు. లోపల ఒకటే లెక్క తిరుగుతోంది. మీటింగు అయిపోయి ఉంటుంది. కారు రోడ్డు మీద లేదు. ఇంకో కారు? ఇంకో మనుషులు? మిల్లు దగ్గర ఎవరన్నా కాపుకాశారా? లారీ అందిందా, అందలేదా? జయరావు బతికున్నాడా? ఆ ఒక్కటీ చెబితే మిగతా పళ్లు కూడా రాలగొట్టుకోండి అని అరవాలనిపించింది.

కిటికీలో ఎండ ఎర్రబడుతున్న వేళకి, ఎక్కడో దూరంగా మోత. ముందు అనుమానం. తర్వాత, రోడ్డు మలుపు దగ్గర, ఇక అనుమానం లేదు. రెండు గొంతులు కలిసి పాడినట్టుండే ఆ మోత. ఎండు ఇసక కూరి, ఎర్రగా కాల్చి, తన చేత్తో తను వంచిన గొట్టాల మోత. దాని వెనక లారీ మోత, లారీ నిండా ఆడవాళ్ల గోల. మిరపకోతల ఆడవాళ్లు. వాళ్లందరి మీదుగా రెబ్కా గొంతు.

స్టేషను గేటు దగ్గర ఎజ్డీ ఆగింది. ఇంజను ఆపలేదు. జయరావును పట్టుకురావడానికి బయల్దేరిన పోలీసు జీపు లోపలినుంచి గేటు దాకా పోయి హారను కొట్టింది. మళ్లీ కొట్టింది. చెయ్యి తియ్యకుండా కొట్టింది.

ఎజ్డీ జరగలేదు.

సిమెంటు నేల మీద యేసుపాదం నెత్తుటి నోటితో నవ్వాడు. ఎస్సై లాఠీ ఎత్తి, కొట్టకుండా, గేటు వైపు చూశాడు.